అంతరిక్ష నౌకలోని క్యాబిన్ ఫ్యాన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ క్యాబిన్ ఫ్యాన్ గారికి,

వ్యోమగాముల చెవుల తరఫున నమస్కరించి రాస్తున్నది. తమరు క్షేమమేనా అని అడగను. తమరి క్షేమ సమాచారం అక్కడివాళ్లకు రాత్రీ పగలూ అందుతూనే ఉంది.

అంతరిక్షమంటే నిశ్శబ్దమని భూమ్మీద జనం నమ్మకం. నిజమే, గోడకు అవతల గాలీ లేదు, చప్పుడూ లేదు. ఇవతల తమరున్నారు. తమరొక్కరే అయితే ఎలాగో సర్దుకునేవాళ్లు. చల్లటి ద్రవాన్ని తిప్పే పంపులు, కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసే యంత్రం, ప్రయోగాల బీరువాలు, ఇలా తమరి బంధువర్గం అంతా అక్కడే కాపురం.

తమరిని ఆపేయమనే ధైర్యం ఎవరికీ లేదు. బరువు తెలియని చోట వేడిగాలి పైకి పోదు, ఎందుకంటే అక్కడ ‘పైకి’ అనేదే లేదు. నిద్రపోతున్న మనిషి వదిలిన ఊపిరి కదలకుండా ముఖం చుట్టూనే మూగుతుంది. దాన్ని తోలడానికి తమరు కావాలి. పొగను పసిగట్టే పరికరాలు సైతం గాలి గొట్టాల్లో కూర్చుని, తమరు పొగను మోసుకొచ్చి చూపిస్తే తప్ప కేక పెట్టవు. అంటే తమరు మొరాయిస్తే ఊపిరికీ ముప్పు, నిప్పు సంగతి తెలియడానికీ ముప్పు. తమరి గొంతు ఆగితే అక్కడివాళ్లకు హాయి కాదు, టెన్షన్. ఈ సంగతి తమరికి బాగా తెలుసు కాబట్టే ఆ పొగరు.

వేగం తగ్గిస్తే గాలి చాలదు, పెంచితే నిద్ర పట్టదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పైగా తమరి గోల అంతా ఒక్కలాంటిది కాదు. హోరు అలవాటైపోతుంది. కానీ రెక్కల సంఖ్యను సెకనుకు తిరిగే చుట్లతో హెచ్చిస్తే వచ్చే పౌనఃపున్యం దగ్గర తమరొక సన్నటి కూత పెడతారు చూడండి, అది చెవిలో జోరీగ. అందుకే నాసా ప్రమాణాల్లో ఇలాంటి ఒంటి కూతకు మామూలు హోరు కన్నా 10 డెసిబెల్స్ తక్కువ హద్దు పెట్టారు. మీ వంశం మీద ప్రత్యేకంగా రాసిన నిబంధన అది. గర్వపడండి.

హద్దులంటే గుర్తొచ్చింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమెరికా వైపు పని చేసే చోట్లకు ఎన్‌సీ-50, పడుకునే చోట్లకు ఎన్‌సీ-40 అనే గీతలు పెట్టుకున్నారు. ఒక్కో పౌనఃపున్యం దగ్గర ఎంత చప్పుడు వరకు ఓర్చుకోవచ్చో చెప్పే గీతలవి. ఏ యంత్రాన్ని నిలదీసినా ‘నేను నా హద్దులోనే ఉన్నాను’ అంటుంది. నిజమే కావచ్చు. కానీ సమానంగా మోగేవి రెండు కలిస్తే 3 డెసిబెల్స్ పెరుగుతుంది, పది కలిస్తే 10. అందరూ బుద్ధిమంతులే, ఇల్లు మాత్రం సంతలా ఉంటుంది. అందుకని ఇప్పుడు ఒక్కో యంత్రానికీ చప్పుడులో వాటా ముందే పంచుతున్నారు. డబ్బుకూ బరువుకూ ఎప్పటినుంచో ఉన్న బడ్జెట్ చెవులకు ఆలస్యంగా వచ్చింది.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే, ఇందులో తమరి తప్పు సగమే. నౌకను గీసేటప్పుడు ముందు బరువు చూస్తారు, తర్వాత కరెంటు, తర్వాత చోటు. చప్పుడు చివరి పంక్తిలో కూర్చున్న అతిథి, అప్పటికి వడ్డించడానికి ఏమీ మిగలదు. అదే కేంద్రంలో భాగంగా 2000 జులైలో ఎగిరిన రష్యా వారి జ్వెజ్దా మాడ్యూల్‌నే చూడండి. పగలు 60, నిద్రవేళ 50 డెసిబెల్స్ అని హద్దు రాసుకున్నారు. పైకి వెళ్లాక కొన్నిచోట్ల 70 అటూఇటూ మోగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఫ్యాన్లకు చప్పుడు అణచే మఫ్లర్లు తొడిగారు, అదురు గోడలకు ఎక్కకుండా మెత్తలు వేశారు, చప్పుడు తక్కువ చేసే ఫ్యాన్లు తెచ్చి మార్చారు. ఇదంతా కక్ష్యలో, తేలుతూ, స్క్రూడ్రైవర్ పట్టుకుని! అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మెత్తలు ముందే కుక్కేయొచ్చు కదా అంటారా, మంట అంటుకునే స్పాంజి ఏదీ అక్కడికి రానివ్వరు. చప్పుడు తాగే సరుకు నిప్పును మాత్రం తాగకూడదు.

మధ్యలో వ్యోమగాములకు దొరికింది ఇయర్‌ప్లగ్స్. భూమ్మీద ఫ్యాక్టరీ కార్మికుడికి ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ హద్దు చెబుతుంది. షిఫ్ట్ అయ్యాక అతను ఇంటికెళ్తాడు, చెవులు తేరుకుంటాయి. ఇక్కడ షిఫ్ట్ దిగితే వెళ్లేది తమరి పక్క గదికే. ఆరు నెలల పాటు. అందుకే శబ్దాన్ని కొలిచే మీటర్లు, వినికిడి పరీక్షలు కూడా వాళ్లతోనే పైకి వెళ్లాయి.

ఇంత హోరులోనూ చెవులు డ్యూటీ మానవని చెప్పడానికి ఒక ముచ్చట. 2024 ఆగస్టు చివర్లో కేంద్రానికి తగిలించి ఉన్న బోయింగ్ వారి స్టార్‌లైనర్ నౌకలో ఏదో తట్టుతున్న చప్పుడు వస్తోందని వ్యోమగామి బుచ్ విల్మోర్ హ్యూస్టన్‌లోని నాసా నియంత్రణ కేంద్రానికి చెప్పి, కిందివాళ్లకూ వినిపించాడు. చివరికి తేలిందేమిటంటే, ఆడియో అమరికలో తేడా వల్ల స్పీకరే అలా మూలిగింది. తమరిని రోజంతా భరించే చెవులు ఆ చిన్న మూలుగును పట్టుకున్నాయి. ప్రమాదపు అలారం వినబడాలన్నా ఆ చెవులే దిక్కు. తమరు వాటి మీద దయ ఉంచాల్సింది ఇందుకే.

కాబట్టి విన్నపాలు రెండు. మీ వంశంలో ఇక పుట్టబోయే ఫ్యాన్ల రెక్కలను మొదటి రోజే చప్పుడు తగ్గేలా గీయమని ఇంజనీర్లకు చెప్పండి, మాట వాళ్లు తమరిదే వింటారు. అలాగే అక్కడ దుమ్ము నేల మీద పడదు, తమరు లాగితే వచ్చి ఫిల్టర్‌కు అతుక్కుంటుంది, అది మూసుకుపోయే కొద్దీ తమరి ఆయాసం, అరుపు రెండూ పెరుగుతాయి. వారాంతంలో వాక్యూమ్ క్లీనర్ పట్టుకుని శుభ్రం చేయడానికి మనిషి వచ్చినప్పుడు కాస్త మర్యాదగా ఉండండి. ఆ వాక్యూమ్ క్లీనర్ చప్పుడు గురించి ఆయనతోనే మాట్లాడుకుంటాను.

ఇట్లు,
చెవుల తరఫు వకాల్తాదారు

తా.క.: ట్రెడ్‌మిల్ గారికి వేరే లేఖ సిద్ధమవుతోంది. ఆయనది పొడుగ్గా ఉంటుంది.