గోడ మీది టైంటేబుల్ గారికి ఒక పరిశోధక విద్యార్థి విన్నపం

మహారాజశ్రీ టైంటేబుల్ గారి సముఖమునకు, మీ విధేయుడైన పరిశోధక విద్యార్థి వ్రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. అనగా మీరు కుశలమే. అయిదు రంగుల స్కెచ్ పెన్నులతో, స్కేలు పెట్టి గీసిన గడులతో, హాస్టల్ గదిలో నా మంచానికి ఎదురుగా గోడ మీద నిగనిగలాడుతున్నారు. నా కుశలం సంగతి రోజూ మీ కళ్లెదుటే జరుగుతోంది.

ఈ గోడ నెక్కినవారిలో మీరు పదకొండవవారు. మీ పూర్వులందరూ మంచి ముహూర్తాలు చూసుకుని అవతరించినవారే. ఒకరు జనవరి ఒకటిన, ఒకరు ఉగాది నాడు, ఇంకొకరు పరిశోధక సలహా సంఘం ముందు నేను నీళ్లు నమిలి బయటపడిన సాయంత్రాన వెలిశారు. ఏదో ఒక మామూలు బుధవారం మధ్యాహ్నం పుట్టినవారు మీ వంశంలో లేరు. మిమ్మల్ని తయారు చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. చార్టు కోసం గచ్చిబౌలి నుంచి కోఠీ దాకా వెళ్లాను, గడుల కొలతలు రెండుసార్లు మార్చాను, ఏ పనికి ఏ రంగు వేయాలన్న విషయంలో నాతో నేనే వాదించుకున్నాను. అంత దీక్షగా నేను మూడో అధ్యాయం మీద ఏనాడూ కూర్చోలేదనీ, ఆ రాత్రి థీసిస్ సగం ముగించినంత తృప్తితో నిద్రపోయాననీ ఒప్పుకుంటున్నాను. నా ఫిర్యాదు కూడా అక్కడే మొదలవుతుంది. పని చేశాక దక్కవలసిన తృప్తిని మీరు పనికి ముందే ముట్టజెప్పారు. కూలి మొత్తం ముందే చేతిలో పెట్టి, మర్నాడు మనిషి పొలానికి రాలేదని గట్టు మీద నిలబడి ఎదురుచూస్తే ఎట్లా?

అసలు మీలో ఉన్న ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. అతడు తెల్లవారుజామున అయిదింటికి అలారం అవసరం లేకుండా లేస్తాడు. అతనికి జలుబు చేయదు, అతని చుట్టాలకు పెళ్లిళ్లు కావు, మెస్‌లో దోసె వేసే రోజున అతని ముందు వరుస ఉండదు. అతడు ఉదయం తొమ్మిదింటికి ఈ గదిలో రాయడం ముగించి, అదే తొమ్మిదింటికి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేయడం మొదలుపెడతాడు. ఈ రెంటికీ నడుమ మెహిదీపట్నం ట్రాఫిక్ అనేది ఒకటి ఉందని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. గైడు గారి గది ముందు బల్ల మీద కూర్చోవడానికి మీలో ఒక్క గడి కూడా లేదు. నాలుగేళ్ల నా పరిశోధనలో అత్యంత నిలకడగా సాగిన కార్యక్రమం అదే కదా! సంతకాలకూ, జిరాక్సులకూ, ఫెలోషిప్ ఖాతాలో పడిందా లేదా అని ఫోను చూసుకోవడానికీ చోటు లేదు. మా పెద్దమ్మ ఫోను చేసి, ‘ఇంక గా చదువు ఒడువలేదా బిడ్డా?’ అని అడిగినాక ఒక పూటంతా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునే పనికి ఏ రంగు వేశారో ఎంత వెదికినా కనబడలేదు.

నా పరిశోధన హైదరాబాదు సంస్థానంలోని గ్రంథాలయోద్యమం మీద అని మీకు తెలుసు. మీ నడినెత్తిన ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు మొదలైనవారు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమనే గ్రంథాలయాన్ని స్థాపించారు. సుల్తాన్ బజారులో అది నేటికీ నిలిచి ఉంది. దాని స్థాపన గురించిన నా అధ్యాయం మాత్రం ఏడాదిగా ‘ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో’ అన్న మాట దగ్గరే నిలిచి ఉంది. నిలయం పెట్టడానికి వారికి పట్టిన కాలం కంటే, పెట్టారని రాయడానికి నాకు పట్టే కాలమే ఎక్కువవుతుందేమోనని అనుమానం.

మీ ఒక్కరినే నమ్ముకున్నాననుకోకండి. 1980ల చివర ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారాన్ని ఎదురుగా పెట్టుకుని కనిపెట్టిన పద్ధతిని కూడా ఆశ్రయించాను. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. విరామానికని కారిడార్‌లోకి వెళితే అక్కడ చాయ్ వస్తుంది, చాయ్ వెంట రాజకీయాలు వస్తాయి, వాటి వెంట ఎవరో ఒకరి గైడు గారి ప్రస్తావన వస్తుంది. ఆ ప్రస్తావనను 5 నిమిషాల్లో ముగించిన స్కాలరు ఈ హాస్టల్లో ఇంతవరకు పుట్టలేదు. టమాటాను మనవాళ్లు పప్పులో వేయడమే సబబు.

మీ జాతి స్వభావాన్ని శాస్త్రజ్ఞులు ఎప్పుడో పసిగట్టారు. పని ఎంతలో ముగుస్తుందో అంచనా వేయడంలో మనుషులు చేసే ఈ పొరపాటుకు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు. 1994లో అచ్చయిన మరో పరిశోధనలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. వారు సగటున 34 రోజులన్నారు. ఏ ఒక్కటీ కలిసిరాకపోతే ఎన్నాళ్లని అడిగితే దాదాపు 49 అన్నారు. తీరా పట్టింది 55 రోజులకు పైనే. అంటే దరిద్రాన్ని కూడా తక్కువగా అంచనా వేశారన్నమాట! ఇది చదివి నేను చాలా ఊరట చెందాను, ఆ ఊరటలో ఒక వారం గడిచింది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఫెలోషిప్ మాత్రం అయిదేళ్లకే ఆగిపోతుంది. ఆ మిగిలిన ఏడాది గాలి భోంచేసే గడి మీలో ఎక్కడుందో దయచేసి సెలవివ్వగలరు.

మా పక్క గది అన్నకు గోడ మీద ఏమీ ఉండేది కాదు. పాత క్యాలెండరు మేకు ఒకటి ఉండేది, దానికి తువ్వాలు తగిలించేవాడు. ఆయన మెస్‌కు వెళ్లే ముందు అరపేజీ రాసేవాడు. ఆ అరపేజీ చెత్తగా ఉంటే ‘చెత్తగా ఉందిరా’ అని నవ్వి అన్నం తినేవాడు. పోయిన నెల థీసిస్ ఇచ్చి వెళ్లిపోయాడు. రాయాలన్న ఉత్సాహం ఎట్లా తెచ్చుకుంటావన్నా అని అడిగితే, ‘అది ముందుగాల ఎప్పుడన్న వచ్చిందా నీకు?’ అని నన్నే అడిగాడు. నేను మీ వంక చూశాను. మీరు నిగనిగలాడుతున్నారు.

ఇక అసలు సంగతి. నిన్న రాత్రి కరెంటు పోయింది, ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ లేదు, ఫోను కూడా కొన ఊపిరి మీద ఉంది. ఏమీ తోచక, మీ ఒక మూల టేపు ఊడి వేలాడుతుంటే సరిచేద్దామని లేచాను. మొత్తం ఊడి చేతికి వచ్చారు. మీ వెనుకవైపు తెల్లగా, ఒక్క గడి కూడా లేకుండా ఉంది. కొవ్వొత్తి వెలుగులో భాషానిలయం గురించి రెండు పేరాలు రాశాను. మొదటిది చెత్తగానే ఉంది, రెండోదానిలో పరవాలేదనిపించే వాక్యం ఒకటి పడింది. మూడో పేరా కూడా అక్కడే రాయవలసి ఉన్నందున, ఇకమీదట మీరు గోడ వైపు ముఖం పెట్టి వేలాడవలసి వస్తుందని తెలియజేయడానికి చింతిస్తున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
అయిదో ఏటి స్కాలరు

తా.క. తలుపు వెనుక చుట్టి పెట్టిన కొత్త చార్టును చూసి అపార్థం చేసుకోవద్దని మనవి. దసరా దగ్గర పడుతోందని కొన్నాను, అంతే.