కారు కారుతోందా? తప్పు టాపుది కాకపోవచ్చు

అమెరికాలో పాత మజ్దా మియాటా, అంటే పైకప్పు మడిచే చిన్న రెండు సీట్ల కారు, కొనుక్కున్న తెలుగువాళ్ల మధ్య ఒక వాట్సాప్ సందేశం చాలాకాలంగా చక్కర్లు కొడుతోంది. ఎవరు రాశారో తెలియదు గానీ ధీమాకు మాత్రం లోటు లేదు. సారాంశం ఇది: లోపలికి నీళ్లు వస్తే సాఫ్ట్ టాప్ (ఆ మడిచే మెత్తటి పైకప్పు) పోయినట్టే, కొత్తది వేయించండి. వెనక ప్లాస్టిక్ అద్దం పసుపెక్కితే టూత్‌పేస్టుతో రుద్దండి, పగిలితే సూపర్ గ్లూ, సిలికాన్ పూయండి. అద్దం ఒక్కటే మార్చడం కుదరదు. ఇండియా వెళ్లినప్పుడు టాపును రెక్సిన్‌తో చవగ్గా కుట్టించుకుని తెచ్చుకోండి. బిగించడం ఒక మనిషికి ఒక మధ్యాహ్నం పని, పది నంబరు స్పానర్ ఉంటే చాలు.

పది నంబరు స్పానర్ కావాలన్న మాట నిజమే, అదొక్కటే చాలదు గానీ. మిగిలినవి వరుసగా చూద్దాం.

నీళ్లు వస్తే టాపు పోయినట్టేనా? డబ్బు ఎక్కువగా తగలేయించే సలహా ఇదే. ఈ కారు టాపు మీద పడిన వాన వెనక్కి జారి, బట్ట అడుగు అంచున ఉన్న ప్లాస్టిక్ తూములోకి దిగుతుంది. దాన్ని రెయిన్ రెయిల్ అంటారు. అక్కడి నుంచి రెండు కొసలకూ పారి, సీటు బెల్టు స్తంభాల వెనక ఉన్న రంధ్రాల ద్వారా గొట్టాల్లోకి వెళ్లి, వెనక చక్రాలకు కొంచెం ముందు, కారు కింద నేల మీద పడుతుంది. అంటే నీళ్లు కారు ఒంట్లోంచే ప్రయాణించేలా దీన్ని తయారు చేశారు. చెట్టు కింద నిలిపిన కారులో ఈ రంధ్రాల్లోకి ఆకులు, పైన్ సూదులు, మట్టి చేరి గట్టిపడతాయి. దారి మూసుకుపోయాక నీళ్లు పొంగి సీట్ల వెనక తివాచీ మీదికి వస్తాయి. యజమాని తల పైకెత్తి టాపును తిట్టుకుంటాడు. కొత్త టాపు వేయిస్తాడు. తరవాతి వానకు తివాచీ మళ్లీ తడుస్తుంది.

ఎక్కడ తడిసిందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది. మోకాళ్ల మీద, డాష్‌బోర్డు కొసన చుక్కలు పడితే ముందు అద్దం పై మూలల్లోని రబ్బరు బీడింగు చూడాలి. భుజం మీద పడితే తలుపు అద్దం పైనున్న బీడింగు, లేదా అద్దం సరిగా ఆనకపోవడం. సీటు వెనక, బెల్టు స్తంభం అడుగున చెమ్మ ఉంటే మాత్రం ఆ నీళ్లు పోయే రంధ్రాలు, గొట్టాల మీద, పగిలిన రెయిన్ రెయిల్ మీద అనుమానపడాలి. టాపు సగం ఎత్తి, ఆ రంధ్రం దగ్గర ఒక సీసాడు నీళ్లు మెల్లగా పోయండి. వెంటనే కారు కింద ధార కనబడితే దారి బాగున్నట్టే. కనబడకపోతే, గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాన్ తీగలాంటి మెత్తటి దాన్ని లోపలికి పంపి కదపాలి. ఇనుప తీగ వద్దు, కంప్రెసర్ గాలి అసలే వద్దు: గొట్టం లోపల ఊడిపోతే దాన్ని తిరిగి తగిలించడానికి చుక్కలు కనబడతాయి.

దీన్ని నిర్లక్ష్యం చేస్తే పోయేది తివాచీ ఒక్కటే కాదు. నిలిచిన నీరు తలుపుల కింది పెట్టె దూలాల్లోకి చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. వెనక చక్రం ముందు రంగు బొబ్బలెక్కేసరికి లోపల రేకు మిగిలి ఉండదు. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలో ఈ పాత కార్లు తప్పడానికి ఇది పేరుపడ్డ కారణం. టాపు కొనేముందు అక్కడ వేలితో తట్టి చూసుకోవడం మంచిది.

ఇక టూత్‌పేస్టు. అందులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది కాబట్టి పైపై గీతల మసక కొంత తగ్గుతుంది. ఆ పని ప్లాస్టిక్ పాలిష్ ఇంకా శుభ్రంగా చేస్తుంది. పసుపు సంగతి వేరు: ఏళ్ల తరబడి ఎండకు ఆ అద్దంలోని వినైల్ అనే ప్లాస్టిక్ పాడై, దాన్ని మెత్తగా ఉంచే పదార్థం బయటికి పోయినందువల్ల వచ్చిన రంగది. అది లోపలిదాకా ఉంటుంది, రుద్దితే పోదు. అంతకన్నా ముఖ్యం, అలా పసుపెక్కిన అద్దం బిరుసెక్కి కూడా ఉంటుంది. చలికాలం ఉదయం టాపు మడిచారో, అప్పడంలా విరుగుతుంది. మొదటి తరం కార్లలో, అంటే 1989 నుంచి 1997 దాకా వచ్చిన ఎన్ఏ మోడల్‌లో, వెనక అద్దానికి జిప్ పెట్టింది ఇందుకే. ముందు జిప్ తీసి, అద్దాన్ని ఒక తువ్వాలు మీద వెనక్కి వాల్చి, ఆ తరవాతే టాపు దించాలి.

సూపర్ గ్లూ గురించి ఎక్కువ చెప్పను. అది గాజులా గట్టిపడుతుంది, వంగే ప్లాస్టిక్ మీద పూస్తే అతుకు పక్కనే కొత్త చీలిక వస్తుంది, చుట్టూ తెల్లటి పొర మిగులుతుంది. సిలికాన్ పూసినచోట తరవాత ఏ జిగురూ పట్టదు. కొత్త అద్దం వచ్చేదాకా రెండు పక్కలా పారదర్శకమైన టేపు అంటించుకోండి, చాలు.

అద్దం ఒక్కటే మార్చలేమన్నది ఎన్ఏ విషయంలో శుద్ధ అబద్ధం. జిప్‌తో సహా ప్లాస్టిక్ అద్దం విడిగా అమ్ముతారు. కింది అంచు లోహపు పట్టీల కింద బిగించి ఉంటుంది కాబట్టి అవి విప్పాల్సిందే, అంతే. జిప్‌లో మిగిలిన సగం టాపుకే కుట్టి ఉంటుంది గనక దాని పళ్లు అరిగిపోకుండా ఉండాలన్నది ఒక్కటే షరతు. 1998లో వచ్చిన రెండో తరం, ఎన్‌బీ, జిప్ తీసేసి డీఫాగర్ (అద్దం మీది ఆవిరిని పోగొట్టే వేడి తీగలు) ఉన్న అసలు గాజు అద్దం పెట్టింది. ఆ గాజు బట్ట నుంచి ఊడితే తిరిగి అతికించే నేర్పరులు ఉన్నారు. అయితే బట్ట కుంచించుకుపోవడం వల్ల ఊడిన గాజు, అదే లాగుడుకు మళ్లీ ఊడుతుంది. సందేశం చెప్పని మంచి మాట ఇంకొకటి: ఎన్‌బీ గాజు టాపు ఎన్ఏలో టాపును మోసే ఇనుప చట్రానికి సరిపోతుంది. టాపంతా మార్చక తప్పనివాళ్లు ఈసారి గాజుదే తీసుకోవచ్చు. డీఫాగర్ పనిచేయాలంటే మాత్రం వైరు విడిగా లాగాలి.

రెక్సిన్ సలహా చూస్తే నవ్వొచ్చింది. మన ఊళ్లలో జీపు హుడ్లు కుట్టేవాళ్ల పనితనం మీద నాకు చిన్నచూపు లేదు. కానీ జీపు హుడ్డును పట్టీలతో లాగి కడతారు, రెండంగుళాలు అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. ఇక్కడ అలా కాదు. అతుకుల కొలత కొంచెం తప్పినా టాపును ముందు అద్దం అంచుకు పట్టి ఉంచే గొళ్లెం, అంటే లాచ్, పడదు, లేదా హైవే మీద బట్ట బుడగలా లేస్తుంది. పైగా మంచి బట్ట టాపు ఒక పొర కాదు: పైన అక్రిలిక్, మధ్యలో నీటిని ఆపే బ్యూటైల్ రబ్బరు, లోపల అస్తరు. మసాచుసెట్స్‌లోని హార్ట్జ్ సంస్థ తయారుచేసే స్టేఫాస్ట్ ఈ రకమే. ఖర్చు తగ్గించుకోవాలంటే వినైల్ టాపు ఉంది. ధర తక్కువ, తుడవడం తేలిక, చలికి మాత్రం బిగుసుకుంటుంది. రోజూ ఎండలో నిలిపే కారుకైతే బట్టకే నా ఓటు.

చివరిది, ఒక్క మధ్యాహ్నం. పది నంబరు నట్లు ఉన్నది వెనక ఇరుకు సందులో, కంటికి కనబడనిచోట, వేళ్లతో తడుముకుంటూ తీయాలి. అది అయ్యాక చట్రాన్ని కారు నుంచి దించి బల్ల మీద పెట్టుకోవాలి. బీడింగులు, వాటి రేకు పట్టీలు విప్పాలి, పాత రివెట్లను డ్రిల్లుతో తొలిచి తీయాలి. తలుపుల పైన బట్ట అంచులో దూరి ఉండే సన్నటి ఇనుప తీగలను మరచిపోకూడదు. బట్టను పక్కల బిగుతుగా పట్టేవి అవే, తెగి ఉంటే ఇప్పుడే మార్చాలి. పాత రెయిన్ రెయిల్‌కు పగుళ్లుంటే అదీ అంతే. కొత్త టాపును ముందుగా ఎండలో పరిస్తే మెత్తబడి మాట వింటుంది. మొదటిసారి చేసేవారికి ఇది ఇద్దరు మనుషులు, వారాంతం మొత్తం పని. మీ మధ్యాహ్నాలు మీకు విలువైనవైతే అప్‌హోల్‌స్టరీ షాపుకు ఇచ్చేయండి, రెయిన్ రెయిల్, తీగలు కూడా చూస్తారా అని ముందే అడిగి. ఎవరు బిగించినా మొదట్లో లాచ్‌లను వదులుగా సర్దుకోవాలి. కొన్నాళ్లు టాపు మూసే ఉంచి, అది సాగి కుదురుకున్నాక వాటిని మళ్లీ బిగించాలి.