స్క్రిప్ట్ చాలదా, ప్యాకేజీ కావాలా?

(శ్రీకాకుళంలో ఒక కాలేజీ ల్యాబ్. ఉబుంటు అనే లైనక్స్ మెషీన్లు చూసుకునేది అక్క. కోడ్ నుంచి ప్రోగ్రాం తయారుచేసే పనిని (బిల్డ్) తనంతట తానే నడిపే సర్వర్ జెంకిన్స్; అందులో బిల్డ్ ఫెయిలైతే తెర మీద ఎర్ర ఐకాన్ చూపించే టూల్‌ని పైథాన్‌లో రాసింది తమ్ముడు.)

తమ్ముడు: ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ ఇచ్చాను కదక్కా. ఒక్క లైన్ టెర్మినల్‌లో వేస్తే అయిపోతుంది. మళ్లీ డెబ్ ప్యాకేజీ (ఉబుంటు ఇన్‌స్టాల్ ఫైలు) ఎందుకు?

అక్క: ఎక్కించడం సులువే, తీసెయ్యడం మాటేంటి? మొన్న ఒక మెషీన్‌లో నీ ఫోల్డర్ తీసేశాను. ప్రోగ్రాంని వెనక నడిపించే సిస్టమ్‌డీ సర్వీస్ ఫైలు మాత్రం ఉండిపోయింది. లేని ప్రోగ్రాంని మళ్లీ మళ్లీ స్టార్ట్ చెయ్యబోయి లాగంతా ఎర్రర్లతో నింపేసింది. ఏ ఫైలు ఎక్కడ పెట్టావో నీకు తప్ప ఎవరికీ తెలీదు. డెబ్ అయితే ప్రతి ఫైలుకీ లెక్క ఉంటుంది. రిమూవ్ అంటే ప్రోగ్రాం పోతుంది, పర్జ్ అంటే సెట్టింగులు కూడా పోతాయి. సర్వర్ అడ్రస్ మార్చుకున్నామనుకో, కొత్త వెర్షన్‌లో ఆ సెట్టింగుల ఫైలు మారితే "మీది ఉంచాలా, కొత్తది పెట్టాలా" అని అడుగుతుంది. నీ స్క్రిప్ట్ అడక్కుండా చెరిపేస్తుంది. పైగా ఉబుంటు 24.04లో సిస్టమ్ సొంత పైథాన్‌లోకి పిప్ (లైబ్రరీలు దించే టూల్) ఏదీ ఎక్కించనంటుంటే, బ్రేక్-సిస్టమ్-పాకేజెస్ అని ఆప్షన్ పెట్టి మరీ దాటేశావు!

తమ్ముడు: అది తప్పే, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ టూల్‌కే వేరే పైథాన్ ఫోల్డర్) పెడితే సరిపోతుంది. కానీ 22.04లో పైథాన్ 3.10, 24.04లో 3.12. లైబ్రరీల వెర్షన్లూ వేరే. రెండింట్లోనూ టెస్ట్ చెయ్యాలి, రాసేది నేనొక్కణ్ణే.

(ఈ మాట నిజం. ప్యాకేజీ అడిగేవాళ్లు ఈ చాకిరీని లెక్కలోకి తీసుకోరు.)

అక్క: 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జిల్లాలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. అలాంటప్పుడు నీ ఒక్క లైన్ దేన్ని డౌన్‌లోడ్ చేస్తుంది? డెబ్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తాను.

తమ్ముడు: డిపెండెన్సీలు, అంటే టూల్‌కి కావాల్సిన లైబ్రరీలు కూడా పెన్‌డ్రైవ్‌లో ఉండాలి కదక్కా. లేకపోతే అదీ మధ్యలోనే ఆగుతుంది.

అక్క: ఉంటాయి, ముందే దించిపెడతాను. అసలు ల్యాబ్‌లో ప్రతి మెషీనూ 5 సెకన్లకోసారి బిల్డ్ ఏమైందని జెంకిన్స్‌ని అడగడమేంటి?

తమ్ముడు: బిల్డ్ ఫెయిలైతే వెంటనే తెలియాలి కదా! అయినా దానికీ ప్యాకేజీకీ సంబంధమేంటి?

అక్క: డీఫాల్ట్ సెట్టింగ్ వచ్చేది ప్యాకేజీతోనే. నిమిషానికోసారి అడిగేలా చెయ్యి.

తమ్ముడు: 30 సెకన్లు, అంతకన్నా పెంచను. డెబ్ కూడా 24.04కి మాత్రమే చేస్తాను, పాత మెషీన్లు మీరు అప్‌గ్రేడ్ చేసుకోండి.

అక్క: చేసుకుంటాను. పోస్ట్‌ఇన్‌స్ట్‌లో (డెబ్ ఎక్కించాక నడిచే స్క్రిప్ట్‌లో) మాత్రం నెట్ నుంచి ఏదీ దించకు. వెబ్ సర్వర్లతో మాట్లాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ ఉబుంటులోనే ఉంది, డెబ్‌లోని డిపెండ్స్ జాబితాలో రాసెయ్.