మావయ్యది సెకండ్ హాఫ్ ల్యాగ్ అంట

బెజవాడలో ఎండ మీద, దోమల మీద, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ మీద ఎన్ని అర్జీలైనా పెట్టుకోవచ్చు. నా అర్జీ మాత్రం ఒక్క మాట మీద. ల్యాగ్. ఊళ్లో ఎవరైనా ఈ మాట వాడాలంటే లైసెన్సు ఉండాలి, లైసెన్సు కావాలంటే సినిమా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూసినట్టు టికెట్ ముక్కతో సహా రుజువు చూపించాలి. అధికారులు దయచేసి పరిశీలించగలరు.

ఆ బాపతు మీకూ తెలుసు కదా. గాంధీనగర్‌లో మార్నింగ్ షో ఇంటర్వెల్‌కి బయటికొచ్చి, నోట్లో సమోసా ఉండగానే మైకు ముందు నిలబడి "ఫస్ట్ హాఫ్ ఓకే అన్నా, సెకండ్ హాఫ్ ల్యాగ్" అంటాడు. ఒరే నాయనా, సెకండ్ హాఫ్ ఇంకా మొదలే కాలేదురా! కానీ వాడు సమోసా మింగేలోపు ఆ ముక్క వారధి దాటి గుంటూరు చేరిపోతుంది. సాయంత్రం మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో, హాలు గడప తొక్కి ఏళ్లయిన పెద్దమనిషి "నేను చూళ్లేదండీ, ల్యాగ్ అంట" అని పెదవి విరుస్తాడు. ఆ 'అంట' ఉందే, దానికి తల్లీ లేదు తండ్రీ లేదు. అన్నవాడెవడో తెలీదు, సినిమా మాత్రం పోయింది.

రేటింగుల సంగతి సరేసరి. ఐదుకి 2.75 అట. ఆ పావు దేనికి కోశావయ్యా? కాళేశ్వరరావు మార్కెట్లో వంకాయలవాడు కూడా ఇంకో కాయ కొసరు వేస్తాడు.

మా కుటుంబంలో ఈ శాఖ మా బావది, అంటే మేనత్త కొడుకుది. సినిమాలన్నీ ఫోన్‌లో 1.5 స్పీడులో చూస్తాడు. టైం వేస్ట్ కాకూడదట. అలా మిగిల్చిన టైంలో పడుకుని రీల్స్ చూస్తాడు. 1957 నాటి మాయాబజార్ నిడివి 184 నిమిషాలు, బావ దాన్ని 123 నిమిషాల్లో లేపేశాడు. లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడే సీను ఆ స్పీడులో ఊహించుకోండి, పాపం ఎస్వీ రంగారావు గారికి పొలమారి ఉంటుంది. అంతా అయ్యాక "బానే తీశార్రా, కొంచెం ల్యాగ్" అన్నాడు. 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు మొదట్లో హాళ్లు పల్చగా ఉండేవి, చూసినవాళ్లు ఇంటికెళ్లి చెప్పగా చెప్పగా జనం కదిలారు. అప్పుడు మా బావ గానీ ఇంటర్వెల్‌లో సమోసా తింటూ ఉండుంటే ఆ సినిమా గతి ఏమయ్యేదో.

ఇంతవరకూ అయితే నేను భరించేవాణ్ణి. కిందటి నెల మా బాబాయి పెద్దకర్మ జరిగింది. కృష్ణలంకలో ఇంటిముందు షామియానా, ఎండకు కుర్చీలు కూడా కాలిపోతున్నాయి, లోపల పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు. బావ నా చెవిలో, "ఇక్కడ ఓ పదిహేను నిమిషాలు ట్రిమ్ చెయ్యొచ్చురా." నేను మాట్లాడలేదు. భోజనాలకు కూర్చున్నాం. "గారెల ఎంట్రీ అదిరింది." అల్లప్పచ్చడికి 'క్యారెక్టర్ ఉంది' అన్నాడు. గుమ్మడికాయ దప్పళం దగ్గర 'గ్రాఫ్ పడింది'. పెరుగు రావడం ఆలస్యమైతే, ఇదే మరి, క్లైమాక్స్‌కి ముందు జనం లేచిపోయేది ఇక్కడే, అని పక్క విస్తరి ముందున్న ముసలాయనకు వివరించాడు. ఆయనకు వినపడదు, తలూపాడు. దాంతో పాజిటివ్ టాక్ వచ్చిందనుకున్నాడు.

చేయి కడుక్కుని వచ్చి, దండేసిన ఫొటో ముందు నిలబడి, పళ్లు కుట్టుకుంటూ అన్నాడు: "మావయ్యది ఫస్ట్ హాఫ్ సూపర్ రా. సెకండ్ హాఫే కొంచెం ల్యాగ్ అయింది."

వెనక గుమ్మంలో మా పిన్ని ఉంది.

మా బాబాయి గాంధీనగర్‌లో ఒక హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. వెయ్యి అడుగుల రీలంటే పదకొండు నిమిషాలు, వాచీ చూడకుండా చెప్పేవాడు. తెర మీద కుడివైపు పైమూల మొదటి చుక్క పడగానే రెండో మిషన్ మోటారు వేయాలి, రెండో చుక్కకి బొమ్మ ఆ మిషన్ మీదకి మారిపోవాలి, కింద కూర్చున్నవాడికి తెలియకూడదు. తర్వాత డిజిటల్ వచ్చింది, ఆ పని పోయింది. తర్వాత పక్షవాతం వచ్చింది. ఆరేళ్లు మంచం మీదే.

ఆ ఆరేళ్లే బావగారికి ల్యాగ్. గిన్నెడు రాగిజావ తాగించడానికి నలభై నిమిషాలు పట్టేది. చెంచా పెదవి దగ్గర పెట్టి, గొంతు కదిలేదాకా ఆగి, గడ్డం తుడిచి, మళ్లీ చెంచా. రోజుకు మూడు పూటలు. టీవీలో ఏ పాత సినిమాలోనైనా మూల చుక్క కనిపిస్తే ఆయన ఎడమచేతి వేలు దుప్పటి మీద లేచేది, పిన్ని చెంచా పట్టుకుని ఆ వేలు దిగేదాకా ఆగేది. ఇందులో ఏది ట్రిమ్ చేస్తావు బావా? నువ్వు ఆరేళ్లలో రెండుసార్లు వచ్చావు. రెండుసార్లూ కారు రోడ్డుకి అడ్డంగా ఉందని ఐదు నిమిషాల్లో లేచావు, చెప్పులు కూడా పూర్తిగా విప్పలేదు. నువ్వు చూసింది ట్రైలర్ కూడా కాదు. చూడని సినిమాకి రివ్యూ చెప్పావంటే నీ ఖర్మ అనుకుంటాను, ఆవిడ వింటుండగా ఆవిడ ఆరేళ్లకి రివ్యూ చెప్పే హక్కు నీకెవడిచ్చాడ్రా!

క్షమించాలి, వరస తప్పి మాట్లాడాను. అతను నాకంటే పెద్ద.

మాసికానికి దగ్గరివాళ్లనే పిలుస్తున్నాం. "మీ బావకి కూడా చెప్పు, బాగోదు" అంది పిన్ని. చెప్పాను. వడ్డన నాదే. అతన్ని ఫ్యాన్ లేని వైపు కూర్చోబెట్టి, గారెకీ గారెకీ మధ్య ఇంటర్వెల్ ఇస్తాను.