జ్వరమొచ్చి ముడుమాల్ పోయిన

జనం లేని చోటు కోసం అందరూ వెతికేది ప్రశాంతత కోసమట. నేను వెతికింది సిక్ లీవు కోసం.

సోమవారం పొద్దున్నే సార్‌కు "జ్వరం, ఒళ్లంతా నొప్పులు" అని మెసేజ్ కొట్టాను. నేనటు కొట్టానో లేదో, మా ఆమె ఇటు జొన్నరొట్టెలు కొట్టడం మొదలుపెట్టింది. పిల్లగానికి బడి సెలవులు, ఎటన్నా తీస్కపొమ్మని పది రోజులుగా ఒకటే పోరు.

"పిల్లలమర్రికి పోదాం పా" అంది.

పాలమూరులో ఉండి పిల్లలమర్రికి చాటుగా పోవడమంటే క్లాక్ టవర్ కింద నిలబడి దాక్కోవడమే. పైగా అది ఏడు వందల ఏళ్ల చెట్టు. 2018లో చెదలు పడితే కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. నిజంగా రోగమొచ్చి సెలైన్ పెట్టించుకున్న చెట్టు కింద, దొంగ జ్వరంతో కూర్చొని రొట్టె తినడానికి నాకు మొఖం చెల్లలేదు. అలంపురం అంది. మా సెక్షన్‌లో సగం మంది మొక్కులు జోగులాంబ దగ్గరే ఉన్నాయి. సోమశిల అంది. అక్కడ కృష్ణ ఒడ్డున నీళ్లకన్నా సెల్ఫీలే ఎక్కువ.

"మరి ఎవ్వలు పోని జాగ ఏడుంది?"

"ముడుమాల్!"

ఆ ఊరి నిలువురాళ్లను 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారని పేపర్లో చదివాను. నా లెక్క ఒకటే: యునెస్కో దాకా పోయిందంటే మనోళ్లకు ఇంకా తెలిసి ఉండదు.

మూతికి మాస్కు కట్టుకొని, దేవరకద్ర, మరికల్, మక్తల్ దాటించి మిట్టమధ్యాహ్నానికి బండి ఆపాను. నా లెక్క తప్పలేదు. నరమానవుడు లేడు. పది పన్నెండు అడుగుల రాళ్లు, ఎవరో పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడ్డట్టున్నాయి. మూడు వేల ఏళ్లు దాటిందట నిలబెట్టి. ఊళ్లోవాళ్లు నిలురాళ్ల తిమ్మప్ప అంటారు. ఒక రాతి మీద సప్తర్షి మండలం ఆకారంలో చిన్న చిన్న గుంటలు చెక్కి ఉన్నాయి. అదెంత గొప్ప సంగతో నేను వివరిస్తుంటే మా ఆమె వంగి చూసి, "గుంతపొంగనాల పెనం లెక్కుంది" అంది. ఒప్పుకోకూడదు గానీ, ఉంది.

రొట్టె విప్పామో లేదో, తెల్లకారు వచ్చి ఆగింది. దిగినాయనకు బట్టతల, చంకలో ఫైలు. అచ్చం మా సార్!

రొట్టె ముక్క నోట్లో ఉండగానే దగ్గర్లో ఉన్న రాతి వెనక్కి ఉరికాను. రాయి ఎత్తుంది గానీ వెడల్పు లేదు. రెండు చేతులతో కావలించుకొని చెంప ఆనించి ఊపిరి బిగబట్టాను. ఎండకు కాగిన రాయి, చెంప మీద అట్టు పోసినట్టు సుర్రుమంది. ఒకవైపు సర్దుకుంటే ఇంకోవైపు నేను బయటికొస్తున్నాను.

"డాడీ, బొజ్జ అవుపడుతుంది!" అని అరిచాడు పుత్రరత్నం.

ఆయన గబగబా ఇటే వచ్చాడు. సార్ కాదు, విలేకరి. ఫైలు అనుకున్నది కెమెరా సంచి.

"రాళ్లంటే ఇంత పాణమున్నోన్ని ఇప్పటిదాంక చూడలే అన్నా! గట్లనే ఉండుండ్రి" అని నాలుగు ఫొటోలు తీసుకొని పోయాడు. వద్దందామంటే నోట్లో రొట్టె.

మంగళవారం ఆఫీసుకు పోయేసరికి సార్ టేబుల్ మీద జిల్లా పేజీ పరిచి ఉంది. 'నిలువురాళ్లను చూసి తన్మయత్వంలో పర్యాటకుడు.' కళ్లు మూసుకొని ఉన్నాను కూడా.

"జరం తగ్గిందా?" అన్నాడు సార్.

"తగ్గింది సార్."

"గంత సల్లటి రాయిని కావలిచ్చుకుంటే తగ్గదా మరి" అని, బొబ్బెక్కిన నా చెంప వైపు చూడకుండానే పేజీ తిప్పాడు. మెమో ఇస్తాడేమోనని చేతులు కట్టుకొని నిలబడ్డాను.

"రోడ్డెట్లుంది? జనముంటరా ఆడ?"

"ఎవ్వలుండరు సార్, మస్తు నిమ్మళంగుంటది" అన్నాను, బతికిపోయానన్న సంబరంలో.

ఆదివారానికి రెండు తుఫాన్ బండ్లు మాట్లాడారు. స్టాఫంతా, ఇంటిల్లిపాదితో. దారి చూపెట్టడానికి ముందు సీటు నాదే. వంటింట్లో మా ఆమె మళ్లీ రొట్టెలు కొడుతోంది. ఈసారి నూటపది.