కక్ష్యల లెక్క తాళం వేసి దాచేది కాదు

చలికాలంలో రుషికొండ తీరాన, పొద్దుగూకిన గంటకు, పడమటి కొండల మీద ఒక్కోరోజు ఒక వెలుగు చుక్క లేస్తుంది. మిణుకుమనదు, చప్పుడు చేయదు. నడినెత్తి దాటి సముద్రం వైపు దిగుతూ, ఇంకా ఆకాశంలో ఉండగానే దీపం ఆర్పినట్టు మాయమవుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమి నీడలోకి వెళ్లిన క్షణం అది. పిల్లలకు దాన్ని చూపించడానికి టెలిస్కోపు అక్కర్లేదు. ఏ నిమిషానికి ఏ దిక్కున చూడాలో తెలిస్తే చాలు.

ఆ నిమిషాన్ని చెప్పే యాప్ వెనక రెండు వరసల అంకెలుంటాయి. కక్ష్య ఎంత వంగి ఉంది, రోజుకు ఎన్ని చుట్లు అన్నదంతా వాటిలోనే. అమెరికా సైన్యం రాడార్లతో ఈ లెక్క కట్టి, వెబ్‌సైట్లో ఖాతా తెరిచినవారికి ఇస్తుంది. టి.ఎస్. కెల్సో అనే నిపుణుడు 1985 నుంచి సెలెస్‌ట్రాక్ పేరుతో దాన్ని అందరికీ పంచుతున్నారు. అయితే ఈ అంకెలు నిలవ ఉండవు. కింది కక్ష్యల్లో ఉన్న పల్చటి గాలి కూడా ఉపగ్రహాన్ని వెనక్కి లాగుతుంది. సూర్యుడి మీద అలజడి రేగితే ఆ గాలి ఉబ్బి ఇంకా లాగుతుంది. సెకను తేడా వచ్చిందంటే ఏడున్నర కిలోమీటర్లు తప్పినట్టే. అందుకే తాజా లెక్క రోజూ అందాలి.

శ్రీహరికోట మన రాష్ట్రంలోనే ఉంది. అక్కడి నుంచి ఎగిరిన ఉపగ్రహం జాడ కోసం కూడా విశాఖ విద్యార్థి ముందుగా తెరిచేది అమెరికా జాబితానే. ఇది మాకు బాధగా ఉంది. 2019 మార్చి 27న ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి క్షిపణి వదిలి మన ఉపగ్రహం మైక్రోశాట్-ఆర్‌ను మనమే పేల్చాం. శకలాలు 45 రోజుల్లో రాలిపోతాయని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో చెప్పింది. ఏడాది దాటినా కొన్ని తిరుగుతూనే ఉన్నాయి. ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలిసిందీ అదే అమెరికా జాబితా వల్ల.

మన ఉపగ్రహాల లెక్కను మనమే అందరికీ ఇవ్వాలంటే, భద్రత మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రక్షణ ఉపగ్రహాలను పక్కన పెట్టండి, అభ్యంతరం లేదు. కానీ ఎండ పడి మెరిసే వస్తువు దారిని ఎంతకాలం దాచగలం? 1966లో ఇంగ్లండ్‌లోని కెటరింగ్ బడిలో ఫిజిక్స్ మాస్టారు జెఫ్రీ పెర్రీ, తన విద్యార్థులతో కలిసి రేడియో సంకేతాలు విని, సోవియట్ ఉపగ్రహం కక్ష్యను లెక్కగట్టి, అది ఎగిరిన కొత్త స్థావరం ఎక్కడుందో పట్టేశారు. అదే ప్లెసెట్స్క్. సోవియట్ ప్రభుత్వం దాన్ని ఒప్పుకున్నది 1983లో! ఇక 2005లో మూగబోయిన నాసా ఉపగ్రహం ఇమేజ్ మళ్లీ సంకేతాలు పంపుతోందని 2018లో కనిపెట్టిన స్కాట్ టిల్లీ, కెనడాలోని ఒక ఔత్సాహికుడు. ఇలాంటివారికి కావలసింది తాజా లెక్క, కాస్త చీకటి, ఓపిక.

లెక్క తెలియని చోటే భయం పెరుగుతుంది. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లే ఎంత టెన్షన్ పడ్డాయో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఈరోజు ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు రైలుపెట్టెల్లా వరసగా కనిపించినా ఫోన్లలో పుకార్లు మొదలవుతున్నాయి.

అంతరిక్షంలో ప్రమాదాలు పసిగట్టడానికి ఇస్రో 2022లో బెంగళూరులో ప్రత్యేక కేంద్రం తెరిచింది. పౌర అవసరాల కోసం పంపిన ఉపగ్రహాల కక్ష్యల లెక్కను అక్కడి నుంచి రోజూ, ఖాతాలూ అనుమతులూ లేకుండా, యాప్‌లు చదవగలిగే రూపంలో విడుదల చేయాలని ఈ పత్రిక కోరుతోంది. విశాఖలో చేయాల్సిన పనీ ఉంది. బీచ్ రోడ్డు దీపాలకు పైకి వెలుగు పోకుండా మూతలు వేయాలి. కాలేజీ మేడల మీద చిన్న యాంటెనాలు పెట్టుకోనివ్వాలి. అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు హామ్ రేడియోలో, అంటే ఔత్సాహికుల రేడియోలో, మాట్లాడేది 145.800 మెగాహెర్ట్జ్ మీద. ఆ కేంద్రం మన తలమీదుగా వెళ్లేటప్పుడు మామూలు చేతి రేడియో సెట్లోనే వాళ్ల గొంతు వినబడుతుంది.