ప్లాబ్ 2 కోచింగ్ పేరుతో డైలాగులు బట్టీ పట్టించకండి

ప్లాబ్ 2కి ప్రిపేర్ అయ్యే మన డాక్టర్లకి కోచింగ్ ఇచ్చేవాళ్లందరికీ నాదొక విన్నపం. రోగితో ఏం మాట్లాడాలో లైను లైనూ ముందే రాసిచ్చే ఆ స్క్రిప్టుల పీడీఎఫ్‌లు దయచేసి పంచడం ఆపండి. నేనూ ఈ పరీక్షకి జూనియర్లని తయారు చేస్తుంటాను. స్క్రిప్టులు నేర్చుకుని వచ్చినవాళ్ల చేత వాటిని మరిపించడానికే సగం సమయం పోతోంది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బ్రిటన్‌లో ప్రాక్టీస్ చేయాలనుకునే బయటి దేశాల డాక్టర్లలో చాలామంది రాసేది ఈ పరీక్షే. ప్లాబ్ 1 మన దేశంలోనే రాయొచ్చు, రెండోదానికి మాంచెస్టర్ వెళ్లాల్సిందే. 16 స్టేషన్లు, అంటే ఒక్కోదాంట్లో ఒక్కో కేసు, ఒక్కోటి 8 నిమిషాలు. లోపల రోగిగా నటించే మనిషి, ఓ పక్కన ఎగ్జామినర్. ఒక్కో స్టేషన్‌కి 12 మార్కులు. వివరాలు రాబట్టి పరీక్షించడానికి 4, వైద్యం ఎలా చేస్తారన్నదానికి 4, మనిషితో మెలిగిన తీరుకి 4. ఈ చివరి నాలుగు మార్కుల మీద ఉన్న భయంతోనే స్క్రిప్టులు అమ్ముడుపోతున్నాయి.

మాక్ పరీక్షల్లో నేను తరచూ చూసేది చెప్తాను. తలనొప్పి అని వచ్చిన రోగి మొదటి నిమిషంలోనే "మా అన్న బ్రెయిన్ ట్యూమర్‌తో పోయాడు" అంటాడు. మన డాక్టర్ "ఐయామ్ సో సారీ టు హియర్ దట్" అని, వెంటనే "డు యు స్మోక్?" అని అడుగుతాడు. మూడు నిమిషాలయ్యాక, షీట్‌లో ఉంది కాబట్టి, "మీకు ప్రత్యేకంగా ఏదైనా దిగులుందా?" అంటాడు. ఆ దిగులేంటో రోగి ఎప్పుడో చెప్పేశాడు! మధ్యలో ఆపి "ఆయన ఇందాక ఏం చెప్పాడు?" అని అడిగితే చాలామందికి గుర్తుండదు. వాళ్లకి తెలివి లేక కాదు. రోగి మాట్లాడుతున్నంతసేపూ తర్వాతి లైను గుర్తు చేసుకుంటున్నారు. అది ఎగ్జామినర్‌కి ఇట్టే తెలిసిపోతుంది.

నాకు బాధ కలిగించేది ఏంటంటే, వీళ్లకి వినడం రాక కాదు. గవర్నమెంట్ ఆస్పత్రిలో హౌస్‌సర్జన్సీ చేసినవాళ్లు వీళ్లు. కడుపులో మంట అని వచ్చిన పెద్దావిడ, కోడలు మందుల క్యూలోకి వెళ్లాకే అసలు బాధ చెప్తుందని వీళ్లకి తెలుసు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో పురుగుమందు తాగిన కేసు వస్తే, చుట్టూ మూగిన బంధువులతో మాట్లాడి శాంతింపజేసిన అనుభవం ఉంది. 'కోపంగా ఉన్న బంధువు' స్టేషన్ వీళ్లకి కొత్త కాదు. ఇంగ్లిష్‌లో చెయ్యాలనేసరికి ముడుచుకుపోతారు. ఆ సమయంలో కోచ్ ధైర్యం చెప్పాల్సింది పోయి, అలంకారమైన వాక్యాలు చేతిలో పెడుతున్నాడు.

ఇంకో కారణమూ ఉంది. మన ఎంబీబీఎస్ ప్రాక్టికల్స్‌లో లాంగ్ కేస్ ఎలా జరుగుతుందో గుర్తు చేసుకోండి. రోగి దగ్గర మనమే కూర్చుని హిస్టరీ తీసుకుంటాం. ఎగ్జామినర్ తర్వాత వచ్చి ప్రెజెంటేషన్ వింటారు. మనం రోగితో ఎలా మాట్లాడామో ఆయన చూడరు. 2019 కరిక్యులమ్‌లో కమ్యూనికేషన్ పాఠాలు చేర్చారు, మంచిదే. కానీ అంతకుముందు బ్యాచ్‌లలో చాలామందికి, ఎవరో పక్కన కూర్చుని తమ మాట తీరుని గమనించడం ప్లాబ్ 2లోనే మొదటిసారి. టెన్షన్ సహజం.

అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్ల చేత ముందు స్టేషన్ మొత్తం తెలుగులో చేయిస్తాను. "అమ్మా, ఎన్నాళ్ల నుంచి? దేనికి భయపడుతున్నారు?" అని హాయిగా అడుగుతారు, ఆగుతారు, ముఖం చూస్తారు. ఆ వెంటనే అదే కేసు చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో. యాస మార్చుకోవాల్సిన పని లేదు, స్పష్టంగా ఉంటే చాలు.

కోచింగ్ నిజంగా అవసరమైన చోటు వేరే ఉంది. మన దగ్గర క్యాన్సర్ అని తేలితే ముందు కొడుకుని పక్కకి పిలిచి చెప్తాం. "అమ్మకి చెప్పకండి డాక్టరుగారూ" అంటే సరే అంటాం. బ్రిటన్‌లో ముందు చెప్పాల్సింది ఆవిడకే. ఆవిడ ఒప్పుకుంటేనే కొడుక్కి. నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉందా లేదా అన్నది ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం చూడాలి. ఆపరేషన్‌కి సంతకం పెట్టించుకుంటే సరిపోదు, 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన మాంట్‌గోమెరీ తీర్పు తర్వాత, ఆ రోగికి ముఖ్యమనిపించే రిస్కులు, వేరే దారులు కూడా చెప్పాలి. పంపేటప్పుడు "తగ్గకపోతే రండి" అంటే చాలదు. ఏ లక్షణం కనిపిస్తే ఎంత త్వరగా, ఎక్కడికి రావాలో చెప్పాలి. ఇవి ఎందుకలా ఉన్నాయో అర్థమైతే మాటలు వాటంతట అవే వస్తాయి. వీటికి గంటలు కేటాయించండి.

ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎప్పుడూ డాక్టర్ ఫ్రెండ్‌తోనే ప్రాక్టీస్ చేయకండి. మెడిసిన్ తెలియని రూమ్మేట్‌నో, అక్కనో రోగిగా కూర్చోబెట్టండి. 8 నిమిషాలయ్యాక "నేను చెప్పింది నీకేం అర్థమైంది?" అని అడగండి. తిరిగి చెప్పలేకపోతే అదే కేసు మళ్లీ మొదటి నుంచి చెయ్యండి.